తొలి ఒంటరి ప్రయాణం ఎక్కడికి?

తొలి ఒంటరి ప్రయాణానికి ఒక్కరోజులో తిరిగి రాగల చోటే మేలు. పెద్ద కొడప్‌గల్ వాసులకు నిజాంసాగర్ అలాంటిది. మంజీరా నదిపై 1923లో మొదలైన ఈ ప్రాజెక్టు 1931లో పూర్తయింది. అయితే కట్ట మీద నిలబడి నీళ్లు చూసి వచ్చేస్తే సగం చూసినట్టే. గుంపుగా వెళ్లినవారు తమలో తామే మాట్లాడుకుంటారు. ఒంటరిగా వెళ్లినవారికి చేపలు పట్టేవారితోనో, టీకొట్టు దగ్గర రైతుతోనో మాట కలుస్తుంది. నీళ్లు నిండిన ఏడూ, అడుగంటిన ఏడూ ఎలా గడిచాయో వాళ్లే చెప్పగలరు. విన్నది ఆ రాత్రే రాసిపెట్టుకోవాలి. కాలినడకన ఊళ్లు తిరిగిన మాచవరపు ఆదినారాయణ పుస్తకం ‘భ్రమణకాంక్ష’ ఇలాంటి ప్రయాణానికి చక్కటి తోడు.

ఇక బస్సు ఖర్చుకు వస్తే, తెలంగాణ మహిళలకు 2023 డిసెంబరు 9 నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ప్రయాణం ఉచితం. గుర్తింపు కార్డు వెంట ఉండాలి. తిరిగి వచ్చే చివరి బస్సు వేళ కండక్టరును దిగేటప్పుడే అడగాలి, ఇంట్లోవారికీ తెలియజేయాలి.