నిమ్మతోటలలో గజ్జి తెగులు

నిమ్మకాయ రసములో ఏ దోషమును లేకున్నను, తోలుపై నాలుగు మచ్చలున్నచో సంతలో దాని వెల పడిపోవును. గూడూరు, పొదలకూరు, నకిరేకల్ ప్రాంతముల రైతులకు ఇది అనుభవములో నున్న సంగతియే. ఆ మచ్చలకు కారణము గజ్జి తెగులు. ఒకసారి మచ్చపడిన ఆకును గాని, కాయను గాని బాగుచేయు మందు లేదు. తెగులు సోకకముందు తీసికొను జాగ్రత్తయే మనకు రక్ష.

తెగులు లక్షణములు

మొదట లేత ఆకులపై నూనె మరకల వంటి చిన్న చుక్కలు కనిపించును. క్రమముగా అవి ఉబ్బి, బెండువలె గరుకై, గోధుమ వన్నెకు మారును. ఆకుపై మచ్చ చుట్టును పసుపుపచ్చని వలయ మేర్పడును. రెమ్మలపైనను, ముండ్లపైనను, కాయలపైనను ఇట్టి మచ్చలే వచ్చును. తీవ్రమైనచో ఆకులు, పిందెలు రాలిపోవును, రెమ్మలు ఎండును.

వ్యాపించు విధము

ఇది బూజు వలన వచ్చునది కాదు; బాక్టీరియా యను సూక్ష్మజీవి వలన కలుగును. అమెరికాలో క్లారా హాస్ అను శాస్త్రజ్ఞురాలు 1915లో ఈ సంగతిని వెల్లడించిరి. మన దేశమున 1827-31 నడుమ సేకరించిన దబ్బజాతి ఆకులపై సైతము ఈ మచ్చలున్నట్లు తరువాత గుర్తించిరి.

తడిసిన మచ్చనుండి సూక్ష్మజీవులు నీటిలోనికి వెలువడును. గాలివాన ఆ నీటిని తుంపరలుగా ప్రక్క చెట్లపైకి చిమ్మును. ఆకులందలి సూక్ష్మరంధ్రముల గుండను, ముండ్లు గీసిన గాయముల గుండను అవి లోనికి ప్రవేశించును. లేత ఆకులను తొలుచు పురుగు చేసిన సొరంగములు వానికి మరింత దారి కల్పించును. తడిచెట్ల నడుమ తిరుగు మనుష్యుల చేతులు, కత్తెరలు, తెగులున్న అంట్లు కూడ దీనిని మోసికొని పోవును.

అమెరికాలోని ఫ్లోరిడా రాష్ట్రమున ఈ తెగులును నిర్మూలింపదలచి లక్షలాది చెట్లను నరికివేసిరి. తుఫానుల వలన అది మరింత వ్యాపింపగా, 2006లో ఆ ప్రయత్నమును విరమించిరి. గాలివానను ఆపుట ఎవరి తరమును కాదు. కాని ఆ వాన వచ్చునప్పటికి తోటలో తెగులు మచ్చలు తక్కువగా ఉండునట్లు చేయుట మన చేతిలోని పని.

చేయవలసిన పనులు

1. వర్షములకు ముందే, చెట్లు పొడిగా నున్నప్పుడు, తెగులు సోకిన రెమ్మలను కత్తిరించి కాల్చివేయవలెను. రాలిన ఆకులను తోటలో వదలరాదు.

2. కత్తిరించిన పిదపను, క్రొత్త చిగుళ్ళు వచ్చునప్పుడును ఒక శాతము బోర్డో మిశ్రమమును చల్లవలెను. ఒక కిలో మైలుతుత్తమును 50 లీటర్ల నీటిలోను, ఒక కిలో సున్నమును మరి 50 లీటర్లలోను వేరువేరుగా కలిపి, రెంటిని ఒకేసారి మూడవ తొట్టిలో పోయవలెను. ఇనుప పాత్రలు పనికిరావు. మిశ్రమములో ఇనుప కత్తిని ముంచినప్పుడు రాగి వన్నె పూత ఏర్పడినచో మరికొంత సున్నపునీరు చేర్చవలెను. కలిపిన దానిని ఆనాడే వాడవలెను.

3. చిగుళ్ళపై ఆకు తొలుచు పురుగును అదుపులో నుంచవలెను.

4. మంచు, వాన ఆరకముందు తోటలో పని చేయరాదు. కత్తెరలను శుభ్రపరచక మరొక చెట్టుకు వాడరాదు.

5. మచ్చలేని అంట్లనే కొనవలెను. తిరుపతిలో రూపొందిన బాలాజీ రకము ఈ తెగులును కొంతవరకు తట్టుకొనును.

ఒక తోట శుభ్రముగా నున్నను, ప్రక్క తోట గజ్జితో నిండియున్నచో వాన రెంటిని కలుపును. కావున గ్రామములోని నిమ్మరైతులందరు ఉద్యానాధికారిని సంప్రదించి, ఒకే అదనున కత్తిరింపులను, మందు చల్లుటను చేపట్టినప్పుడే మచ్చలేని కాయ మనకు దక్కును.