పప్పులో ఉప్పు లేదని ఆయనకు తెలియలేదు

రామ్మా చెల్లీ, ఇలా వచ్చి కూర్చో. మొన్న పేరంటంలో నువ్వు "ఆయన ఇంట్లోనే ఉంటారక్కా, కానీ నాతో ఉండరు" అన్నావు. ఆ మాట రెండు రోజులు నన్ను వదల్లేదు. ఒకప్పుడు అది నా మాట కూడా.

మా ఇంట్లో జరిగింది చెబుతాను విను. ఒకరోజు హడావుడిలో టమాటా పప్పులో ఉప్పు వేయడం మర్చిపోయాను. ఆయన ఎడంచేత్తో ఫోన్ పట్టుకుని, బొటనవేలితో రీల్స్ పైకి తోస్తూ, కుడిచేత్తో అన్నం కలుపుకుని తినేశారు. "పప్పు ఎలా ఉందండీ?" అంటే తల ఎత్తకుండానే "ఊఁ, బాగుంది" అన్నారు. తర్వాత నేను తినడానికి కూర్చుంటే సంగతి తెలిసింది. ఆ "బాగుంది" గుర్తొచ్చి నాకు ముద్ద దిగలేదు.

ఆ రాత్రి పెద్ద గొడవే పెట్టుకున్నాను. "ఆ ఫోన్‌నే కట్టుకోవాల్సింది" అనేశాను. ఆయన ఫోన్ తీసుకుని డాబా మీదికి వెళ్లిపోయారు. తర్వాత వారం రోజులు "అన్నం పెట్టనా?", "పాలు తెచ్చారా?" తప్ప మా మధ్య మాటల్లేవు. దెప్పేకొద్దీ మనిషి ఆ ఫోన్‌లోకే ముడుచుకుపోతాడని నాకప్పుడు అర్థమైంది.

ఈ బాధ మన ఒక్కళ్లదే అనుకోకు. పక్కనున్న మనిషిని పట్టించుకోకుండా ఫోన్‌లో మునిగిపోవడానికి 2012లో ఆస్ట్రేలియాలో 'ఫబ్బింగ్' అని పేరే పెట్టారు. అమెరికాలో బేలర్ విశ్వవిద్యాలయం వాళ్లు సర్వే చేస్తే, అడిగినవాళ్లలో 46 శాతం మంది తమ జీవిత భాగస్వామో, తోడో తమతో ఇలాగే ఉంటున్నారని చెప్పారు. అంతులేకుండా జారిపోయే ఆ తెరని 2006లో అజా రాస్కిన్ అనే ఆయన తయారుచేసి, తర్వాత ఎందుకు చేశానా అని తనే బాధపడ్డాడు. సినిమా అయితే చివర్లో శుభం కార్డు పడుతుంది, లేచి వస్తాం. రీల్స్‌కి ఆ కార్డే లేదు. తర్వాత ఏమొస్తుందోనన్న ఆశ వేలిని ఆగనివ్వదు. కాబట్టి నీ మీద ఇష్టం పోయి ఆయన తల దించుకున్నారని అనుకోకమ్మా.

నేనేం చేశానంటే, ఒక ఆదివారం పొద్దున కాఫీ ఇచ్చి, ఆయన చేతిలో ఫోన్ లేని వేళ చూసి అడిగాను. "ఫోన్ మానేయమని అనను. రాత్రి ఎనిమిదిన్నర నుంచి తొమ్మిదిన్నర దాకా ఆ గంట నాకివ్వండి. మీరు తల ఎత్తకపోతే ఈ ఇంట్లో నేను లేనట్టే అనిపిస్తోంది" అన్నాను. ఆయన గ్లాసు కింద పెట్టేశారు. ఆఫీసు గ్రూపులో రాత్రి పదింటికి కూడా మెసేజ్‌లొస్తాయట, బదులివ్వకపోతే పొద్దున్నే మాట పడాలట. "ఏ ఆలోచనా లేకుండా ఉండేది ఆ రీల్స్ చూసే కాసేపే" అన్నారు. సగం కోపం అక్కడే దిగిపోయింది నాకు.

అప్పట్నుంచి ఆ గంట ఇద్దరి ఫోన్లూ ఫ్రిజ్ పక్కన చార్జింగ్‌లో ఉంటాయి. నా వంట వీడియోలు కూడా బంద్. పడగ్గదిలోంచి చార్జర్లు తీసేసి, అలారానికి చిన్న గడియారం కొన్నాం. మొదట్లో ఏం మాట్లాడుకోవాలో తోచక చిక్కుడుకాయలు ముందేసుకుని కూర్చున్నాం. ఐదో రోజు కాయకి నార తీస్తూ తీస్తూ వాళ్ల నాన్నగారి మోకాళ్ల నొప్పుల మాట ఎత్తారు. నెల రోజులుగా మనసులోనే పెట్టుకుని నలిగిపోతున్నారట.

మహారాష్ట్రలో సాంగ్లీ జిల్లా వడగావ్ అనే పల్లెలో 2022లో సాయంత్రం ఏడింటికి సైరన్ మోగగానే ఊరంతా గంటన్నర సేపు టీవీలూ ఫోన్లూ పక్కన పెట్టడం మొదలెట్టారు. ఒక ఊరే చేయగలిగితే ఇద్దరం మనుషులం చేయలేమా?

ఒక్క సంగతి మాత్రం మనసులో పెట్టుకో. ఫోన్ దాచడం, రాత్రంతా అందులో డబ్బు పెట్టి ఆటలాడటం, అప్పులు చేయడం కనిపిస్తే అది గంట నియమంతో తీరదు. ప్రభుత్వ టెలీ మానస్ నంబరు 14416కి ఫోన్ చెయ్యి. డబ్బులేం కట్టక్కర్లేదు, తెలుగులోనే మాట్లాడతారు. సిగ్గుపడాల్సిన పనేం కాదది.

ఈ రాత్రికి మాత్రం గొడవ పెట్టుకోకు తల్లీ. ఆదివారం కాఫీ వేళ దాకా ఆగి అడుగు. ఆయన ఏమన్నారో నాకు ఫోన్ చేసి చెప్పు. ఎనిమిదిన్నర లోపే సుమా, ఆ తర్వాత ఎత్తను.