మీడియం సరే, పిల్లకి అర్థమవుతోందా?

జూన్ వచ్చింది, బడులు తెరిచారు. పుస్తకాలకి అట్టలు వేయడాలు, యూనిఫారాలు కుట్టించడాలు, ఆటో మాట్లాడుకోవడాలు అయ్యాయో లేదో, ఏ ఇద్దరు తల్లులు కలిసినా ఒకటే మాట: "మీవాణ్ణి ఏ మీడియంలో వేశారు?" నాకొచ్చే ఉత్తరాల్లోనూ అదే బెంగ. "అక్కా, తెలుగు మీడియంలో ఉంచితే వెనకబడిపోతాడేమోనని భయం. ఇంగ్లిషు మీడియంలో వేస్తే ఏమీ అర్థం కావట్లేదంటున్నాడు. ఏం చేయమంటారు?" అని.

ఇంగ్లిషు కావాలనుకునే తల్లిని తప్పుపట్టే వాళ్లతో నేను ఏకీభవించను. పొద్దున్నే కూలికెళ్లి, చీటీ పాడి, పిల్ల ఫీజు కట్టే అమ్మకి ఇంగ్లిషు విలువ ఎవరూ చెప్పక్కర్లేదు. ఇంటర్వ్యూలో నోరు పెగలక వెనక్కొచ్చిన తమ్ముణ్ణి ఆమె కళ్లారా చూసింది. తరతరాలుగా చదువు గడప తొక్కనివ్వని ఇళ్ల పిల్లలకి ఇంగ్లిషెందుకని అడిగే హక్కు, తమ పిల్లల్ని ఖరీదైన కాన్వెంట్లలో చదివించుకునే వాళ్లకి లేదు.

ప్రభుత్వాలూ ఆ దారే పట్టాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2019 నవంబరులో సర్కారు బడులను ఇంగ్లిషు మీడియంలోకి మారుస్తూ జీవోలిచ్చారు. 2020 ఏప్రిల్లో హైకోర్టు వాటిని కొట్టేసింది. తెలంగాణ సర్కారు బడుల్లో 2022-23 నుంచి ఒకటి నుంచి ఎనిమిదో తరగతి దాకా ఇంగ్లిషు మీడియం పెట్టారు. అదే తెలంగాణ 2018లో చట్టం చేసి, సీబీఎస్‌ఈ, ఐసీఎస్‌ఈ బడుల్లో కూడా పదో తరగతి దాకా తెలుగును ఒక సబ్జెక్టుగా తప్పనిసరి చేసింది. ఇక 2020 జాతీయ విద్యా విధానమేమో కనీసం ఐదో తరగతి దాకా, వీలైన చోటల్లా ఇంటి భాషలోనే పాఠం చెప్పమంటుంది. 2009 విద్యాహక్కు చట్టం కూడా మాతృభాషే అంటూ, వీలున్నంత వరకు అని ఓ మెలిక పెట్టింది. వీలు కల్పించే వాళ్లేరీ?

ఈ గొడవలో పిల్ల సంగతి ఎవరికీ పట్టడం లేదు. మా పక్కింటి పాప ఐదో తరగతి. ఓ సాయంత్రం పిట్టగోడ మీద కూర్చుని 'ఇవాపరేషన్' అంటే ఏమిటో ఊపిరి తీసుకోకుండా ఇంగ్లిషులో అప్పజెప్పింది. ఒక్క తప్పు లేదు. "అయితే తల్లీ, పొద్దున మీ అమ్మ ఆరేసిన దుప్పట్లో నీళ్లు ఏమైపోయాయే?" అన్నాను. తీగ వంక చూసింది, నా వంక చూసింది. కాసేపాగి, "ఎండ తాగేసింది కదా అత్తా" అంది. చూశారా, దానికి తెలుసు! తెలిసిన ఆ సంగతికీ, బట్టీపట్టిన ఆ వాక్యానికీ మధ్య వంతెన వేసే వాళ్లు లేరు. "నువ్వు చదివింది అదేనే" అంటే నోరు తెరుచుకుని చూసింది పిచ్చితల్లి.

ఆ వంతెన కోసమే కదా మన రెండు రాష్ట్రాల్లో ఒక పేజీలో ఇంగ్లిషు, ఎదురుగా అదే పాఠం తెలుగులో ఉండేలా పుస్తకాలు వేశారు. మంచి పని. కానీ తెలుగు పేజీ తిప్పనివ్వని బడులున్నాయి, తెలుగు పేజీ కూడా కూడబలుక్కుని చదివే పిల్లలున్నారు. పల్లె పిల్లల చదువును కొలిచే అసర్ సర్వే 2024లో చెప్పింది చూస్తే, దేశంలో ఐదో తరగతిలో ఉండి రెండో తరగతి పాఠం చదవలేని వాళ్లు సగానికి పైనే. ప్రాంతీయ భాషలో ఇచ్చిన పాఠమే సుమా! చదవడం అనే విద్య ఒక భాషలో గట్టిగా పట్టుబడితే రెండో భాషకి అదే అక్కరకొస్తుంది. రెండిట్లోనూ అరకొరగా ఉంటే సైన్సూ లెక్కలూ కూడా చేజారతాయి.

ఇంకో సంగతి. మన అడవి ఊళ్ల పిల్లలకి తెలుగే పరాయి భాష. ఏటా ఆగస్టు 29న గిడుగు రామమూర్తి గారి పుట్టినరోజుని తెలుగు భాషా దినోత్సవంగా చేసుకుంటాం. ఆయనే పర్లాకిమిడిలో ఉండగా అడవి బిడ్డలైన సవరల భాష నేర్చుకుని, సవర పిల్లలకి వాళ్ల భాషలోనే బడి పెట్టి, వాచకాలు రాశారు. ఉమ్మడి రాష్ట్రంలో సవర, కోయ, గోండి వంటి భాషల్లో మళ్లీ వాచకాలు తెచ్చారు గానీ, ఆ పని పట్టుదలగా సాగలేదు. మన పిల్లలకి తెలుగు అడిగే మనం, వాళ్ల పిల్లలకి వాళ్ల భాషా అడగాలి.

అడవి ఊళ్ల సంగతి అలా ఉంటే, తెలుగు పిల్లలకి తెలుగే తప్పయిన చోట్లున్నాయి. 2009లో కడప జిల్లా మైదుకూరులో ఒక బడిలో తెలుగు మాట్లాడారని పిల్లల మెడలో పలకలు వేలాడదీశారు. ఇప్పటికీ తెలుగు మాటకి జరిమానా వేసే బడుల గురించి వింటూనే ఉన్నాం. పిల్లల్ని అలా అవమానించి వేధించడాన్ని విద్యాహక్కు చట్టం నిషేధించింది. మీ బడిలో జరిగితే ఊరుకోకండి, నలుగురు తల్లులు కలిసి వెళ్లి నిలదీయండి.

ఇక ఇంటి సంగతి. పిల్లతో వచ్చీరాని ఇంగ్లిషులో మాట్లాడకండి. మీకొచ్చిన భాషలో నిండుగా మాట్లాడండి. వంట చేస్తూ "ఇవాళ ఏం చెప్పారే?" అని తెలుగులో చెప్పించుకోండి. రోజూ కాసేపు తెలుగు కథో, పేపర్లో ఓ వార్తో పైకి చదివించండి, ఒత్తుల దగ్గర తడబడితే విసుక్కోకండి. ఇంటర్‌కొచ్చాక మార్కులొస్తాయని తెలుగు వదిలేసి సంస్కృతం తీసుకోమనే వాళ్లుంటారు, అప్పుడూ ఒకటికి రెండుసార్లు ఆలోచించండి.

ఈసారి పేరెంట్స్ మీటింగుకి వెళ్లినప్పుడు మార్కుల కార్డు చూసి సంతకం పెట్టి వచ్చేయకండమ్మా. మీడియం ఏదైనా సరే, అర్థమైనదాన్ని పిల్ల చేత తన మాటల్లో చెప్పిస్తున్నారా అని టీచరమ్మని అడగండి. మొహమాటపడకండి. ఆవిడేమన్నారో నాకు రాయండి.