మోటారు సైకిలు కొనబోవు సభ్యునకు లెక్కల పాఠము



పూర్వము రైతు సంతలో ఎద్దును కొనునపుడు పండ్లు చూచెడివాడు, గిట్టలు చూచెడివాడు, మెడ నిమిరి నాలుగడుగులు నడిపించి చూచెడివాడు; ఆ పిమ్మటనే బేరమునకు దిగెడివాడు. నేడు అదే రైతు మోటారు సైకిలు దుకాణమునకు పోయి, రంగు చూచి, "నెలకింత కట్టిన చాలును" అను మాట విని, చదువని కాగితములపై సంతకము చేసి బండిని ఇంటికి తెచ్చుకొనుచున్నాడు. ఎద్దునకు చూపిన శ్రద్ధలో సగమైనను బండికి చూపవలయునని చెప్పుటయే యీ పాఠము యొక్క ఉద్దేశము.

మోటారు సైకిలు నేడు రైతునకు విలాస వస్తువు కాదు. తెల్లవారకమునుపే పాలు కేంద్రమునకు చేరవలెను; పురుగుమందునకు మండల కేంద్రమునకు పోవలెను; రాత్రి కరెంటు వచ్చినపుడు మోటారు వేయుటకు పొలమునకు పోవలెను. కావున బండి వలదని మేము చెప్పము. ఏ బండి, ఎట్టి అప్పుతో, అను రెండు ప్రశ్నలనే విచారింతము.

1. రెండు బండ్ల పరిచయము

మన ప్రాంతమున రైతులు తఱచుగా పోల్చి చూచు తక్కువ వెల బండ్లలో రెండింటిని ఉదాహరణముగా గ్రహింతము: హీరో స్ప్లెండర్ ప్లస్, బజాజ్ ప్లాటినా 100. స్ప్లెండర్ బండి 1994లో, ఆ కంపెనీ జపాను దేశపు హోండాతో కలిసి హీరో హోండా యను పేర నడచుచున్న కాలమున వెలువడినది. 2010 డిసెంబరులో ఆ రెండు కంపెనీలు విడిపోవ నిశ్చయించుకొనిన పిమ్మట, హీరో పేరుననే వచ్చుచున్నది. ప్లాటినా 2006లో వెలువడినది. కంపెనీలు ప్రకటించిన కొలతలు ఇవి:

ఇంజను పరిమాణము: స్ప్లెండర్ 97.2 సి.సి.; ప్లాటినా 102 సి.సి.
పెట్రోలు టాంకి: స్ప్లెండర్ 9.8 లీటర్లు, ప్లాటినా 11 లీటర్లు.
బండి బరువు: స్ప్లెండర్ 112 కిలోలు, ప్లాటినా 117 కిలోలు.
సీటు ఎత్తు: స్ప్లెండర్ 785 మి.మీ.; ప్లాటినా 807 మి.మీ.
నేలకును బండి అడుగునకును నడుమ ఖాళీ: స్ప్లెండర్ 165 మి.మీ.; ప్లాటినా 200 మి.మీ.
చక్రము: స్ప్లెండర్ 18 అంగుళములు; ప్లాటినా 17 అంగుళములు.
గేర్లు: రెండింటికిని నాలుగు.

నమూనా మారినపుడు కొలతలు స్వల్పముగా మారవచ్చును గావున, కొను దినమున కంపెనీ కాగితములో మరల చూచుకొనవలెను.

2. కొలతలను మన దారిపై పెట్టి చూచుట

అడుగు ఖాళీలో తేడా 35 మి.మీ., అనగా సుమారు రెండు వ్రేళ్ల వెడల్పు. తారురోడ్డుపై ఈ తేడాకు విలువ లేదు. కాని దమ్ము చేసిన ట్రాక్టరు పోయిన డొంకదారిలో రెండు గాడుల నడుమ మట్టి గట్టువలె లేచి యుండును. అచ్చట ఇంజను అడుగు రాయికి తగులునా తగులదా యనునది ఆ రెండు వ్రేళ్లలోనే యున్నది. పైగా బరువు వేసినకొలది స్ప్రింగులు కుదిసి ఖాళీ తగ్గును. ఈ విషయమున ప్లాటినాది పైచేయి.

సీటు ఎత్తులో తేడా 22 మి.మీ. పొడగరికి ఇది లెక్కలోనిది కాదు. పొట్టివానికి మాత్రము, రెండు వైపుల నిండు పాలకేనులు వ్రేలాడుచుండగా బురదలో ఆగవలసి వచ్చినపుడు, పాదము పూర్తిగా నేల నానుట ముఖ్యము. మునివ్రేళ్లు మాత్రమే ఆనినచో బండి ఒరగును, పాలు నేలపాలగును. ఇంటిలో ఇల్లాలును, కుమారుడును అదే బండి నడుపువారైనచో వారినిగూడ కూర్చుండబెట్టి చూడవలెను. ఇచ్చట స్ప్లెండరుది పైచేయి.

టాంకిలో తేడా 1.2 లీటరు. లీటరునకు 60 కిలోమీటర్లు వచ్చునను లెక్కను, ఇది 72 కిలోమీటర్ల ప్రయాణము. పెట్రోలు బంకు ఊరికి దూరముగా నున్నవారు దీనిని గణింపవలెను. దారిలోనే బంకున్నవారు గణింప నక్కఱలేదు.

బరువు విషయమున ఒక హెచ్చరిక. యూరియా బస్తా 2018 నుండి 45 కిలోలది వచ్చుచున్నది. రెండు బస్తాలు 90 కిలోలు. నడుపువాడు 65 కిలోలైనచో మొత్తము 155 కిలోలు. ఈ రెండు బండ్లును ఇద్దరు మనుష్యుల కొఱకు చేయబడినవేగాని బస్తాల కొఱకు చేయబడినవి కావు. ఎంత బరువు మోయవచ్చునో బండితో వచ్చు పుస్తకములో నుండును, దానిని చదివించుకొనుడు. బరువు మితిమీరినచో బ్రేకు వేసిన తరువాత బండి ఆగుటకు పట్టు దూరము పెరుగును. ముందు చక్రము తేలికపడి హ్యాండిలు చేతికి లొంగదు. బస్తాలకు ట్రాలీ ఆటో కిరాయి ఇచ్చుట ఆసుపత్రి ఖర్చుకంటె చవుక.

ఇక మరమ్మతు. స్ప్లెండర్ ముప్పది యేండ్లకు పైగా తిరుగుచున్న బండి గావున అనేక మెకానిక్కులకు చేయి అలవాటు. ఐనను మీ యూరి సంగతి మీరే విచారింపవలెను. దగ్గఱలోని ఇద్దరు ముగ్గురు మెకానిక్కుల వద్దకు పోయి, క్లచ్ ప్లేట్లు, చైను సెట్టు, బ్రేకు షూలు ఏ బండికి అంగడిలో సిద్ధముగా నున్నవి, ఏ బండికి పట్నమునుండి తెప్పింపవలెను అని యడుగుడు. కోతల కాలమున బండి నాలుగు దినములు షెడ్డులో పడియున్నచో కలుగు నష్టము ఏ ప్రకటనలోను వ్రాయబడదు.

3. పెట్రోలు లెక్క

దుకాణదారుడు మొదట చెప్పు మాట మైలేజి. కంపెనీ చెప్పు అంకె పరీక్షలో తేలినది. మన అంకె మన దారిలో తేలవలెను. దానిని కనుగొను విధము సులభము. టాంకిని నిండుగా నింపించి, కిలోమీటర్ల అంకెను వ్రాసికొనుడు. సుమారు 200 కిలోమీటర్లు నిత్యము తిరుగు దారిలోనే తిరిగి, అదే బంకులో మరల నిండుగా నింపించుడు. తిరిగిన కిలోమీటర్లను రెండవసారి పట్టిన లీటర్లతో భాగించిన వచ్చునదే నిజమైన మైలేజి. మన గ్రామమున ఈ బండి గల సభ్యుడొకడు, ఆ బండి గల సభ్యుడొకడు ఉండకపోరు. వారిరువురు ఈ లెక్క తీసి సంఘ సమావేశమున చెప్పినచో, కొనబోవువారందఱకు ఉపకారమగును.

ఇప్పుడు తేడా ఎంతయో చూతము. దినమునకు 30 కిలోమీటర్లు, ఏటికి 300 దినములు తిరిగినచో 9,000 కిలోమీటర్లు. ఒక బండి లీటరునకు 60, ఇంకొకటి 65 ఇచ్చుననుకొందము. (ఏది 60, ఏది 65 అనునది మీ దారియే చెప్పవలెను.) మొదటిదానికి 150 లీటర్లు, రెండవదానికి సుమారు 138½ లీటర్లు పట్టును. తేడా 11½ లీటర్లు. లెక్క కొఱకు లీటరు 110 రూపాయలనుకొన్నచో, ఏటికి సుమారు 1,270 రూపాయలు. మూడేండ్లకు సుమారు 3,800 రూపాయలు. ఈ అంకెను జ్ఞాపకముంచుకొనుడు.

4. అప్పు లెక్క

ఒక సభ్యుడు 70,000 రూపాయలు అప్పు తీసికొని మూడేండ్లలో నెలసరి వాయిదాలుగా తీర్చుననుకొందము. రెండు చోట్ల విచారింపగా రెండు చోట్లను "వడ్డీ 12 శాతమే" అనిరి. రెండును ఒకటియేనా? కాదు.

మొదటి చోట ఇచ్చునది ఫ్లాట్ వడ్డీ. అనగా, అసలు నెలనెలకు తీరుచున్నను, మూడేండ్లును మొత్తము 70,000 పైననే వడ్డీ కట్టుదురు. ఏటికి 8,400 చొప్పున మూడేండ్లకు 25,200. మొత్తము 95,200; నెలకు 2,644 రూపాయలు.

రెండవ చోట ఇచ్చునది తగ్గుచున్న నిలువపై వడ్డీ. అసలు ఎంత మిగిలియున్నదో దానిపై మాత్రమే వడ్డీ పడును. నెలకు 2,325 రూపాయలు; మొత్తము 83,700; వడ్డీ 13,700 మాత్రమే.

తేడా 11,500 రూపాయలు. పెట్రోలు తేడా మూడేండ్లకు 3,800 గదా! అనగా, ఏ బండి కొనవలెనని నెలదినములు తర్కించి మిగుల్చుకొను దానికి మూడింతలు, ఒక్క సంతకమున పోవచ్చును. ఫ్లాట్ పద్ధతిలో చెప్పిన ఆ 12 శాతము, తగ్గుచున్న నిలువ పద్ధతిలో లెక్కించిన 21 శాతమునకు మించును.

దీనికి రక్షణ గలదు. 2024 అక్టోబరు 1 నుండి బ్యాంకులును, బ్యాంకులు కాని ఋణ కంపెనీలును ఇట్టి కొత్త అప్పులకు ముఖ్య వివరముల పత్రమును, అప్పు తీసికొనువానికి తెలిసిన భాషలో ఇయ్యవలెనని రిజర్వు బ్యాంకు ఆజ్ఞాపించినది. వడ్డీయు, ఇతర రుసుములును కలిపి ఏటికి ఎంత శాతము పడునో అందు చూపవలెను. ఆ పత్రము చేతికి రానిదే సంతకము చేయవలదు. రెండు చోట్ల పత్రములను ప్రక్కప్రక్కన పెట్టి ఆ ఒక్క శాతమునే పోల్చుడు.

5. పంట గడువు, నెల గడువు

ఇది యన్నింటికంటె ముఖ్యమైన విషయము. ఉద్యోగికి జీతము నెలనెల వచ్చును. రైతునకు డబ్బు పంటకు పంటకు వచ్చును. 2,644 చొప్పున ఆరు నెలలకు 15,864 రూపాయలు. పంట చేతికి రాని ఆ ఆరు నెలలు ఈ సొమ్ము ఎచ్చటినుండి వచ్చును? పాల డబ్బు గలవాడు కట్టగలడు. లేనివాడు పంట అప్పు తీర్చుటకు దాచిన సొమ్మును తీయును.

అప్పుడు కలుగు నష్టము చూడుడు. కేంద్ర ప్రభుత్వపు వడ్డీ రాయితీ పథకము క్రింద, మూడు లక్షల వఱకు స్వల్పకాలపు పంట ఋణమునకు 7 శాతము వడ్డీ. గడువులో తీర్చినవానికి మఱి 3 శాతము తగ్గి 4 శాతమే పడును. గడువు తప్పిన సభ్యుడు లక్ష రూపాయల అప్పుపై ఏటికి 3,000 రూపాయల లాభమును పోగొట్టుకొనును. బాకీదారుగా నిలిచినందున, వచ్చు కారునకు కొత్త అప్పు దొరకక విత్తనములకు చేయి చాపవలసి వచ్చును. బండి కొఱకు సేద్యము నిలిచిపోవుట తగునా?

కావున నియమము ఇది: నెలసరి వాయిదాకు సరిపోవు నెలసరి రాబడి, అది పాలది గాని కూలిది గాని, చేతిలో నున్నవాడే నెలసరి అప్పు తీసికొనవలెను. లేనివాడు పంటకు పంటకు చెల్లించు వాయిదాలు దొరకునేమో తన సంఘమునందును బ్యాంకునందును మొదట విచారింపవలెను. దొరకనిచో రెండు పంటలు కూడబెట్టి, ఎక్కువ సొమ్ము ముందు చెల్లించి, తక్కువ అప్పుతో కొనవలెను. ఒక యేడు ఆగినందున బండి పాఱిపోదు.

6. సంతకమునకు ముందు చూడవలసినవి

ఒకటి: 2025 సెప్టెంబరు 22 నుండి 350 సి.సి. వఱకు గల మోటారు సైకిళ్లపై జి.ఎస్.టి. 28 నుండి 18 శాతమునకు తగ్గినది. బిల్లులో ఆ తగ్గింపు కనుపడవలెను. బండి వెల, జీవిత పన్ను, రిజిస్ట్రేషను, భీమా, అదనపు సామానులు వేర్వేరుగా వ్రాయించుకొనుడు.

రెండు: 2018 సెప్టెంబరు 1 నుండి కొత్త బండికి అయిదేండ్ల మూడవ పక్షపు భీమా తప్పనిసరి. ఇది మన బండి వలన ఇతరులకు కలుగు నష్టమునకు మాత్రమే. యజమానికి 15 లక్షల ప్రమాద భీమా వేఱుగా గలదు. కాని సరియైన లైసెన్సు లేనివానికి అది వర్తింపదు. బండికి ముందే లైసెన్సు చేయించుకొనుడు.

మూడు: ఐ.ఎస్.ఐ. ముద్ర గల హెల్మెటు బండితో ఇయ్యవలెనని నిబంధన గలదు. దానిని అడిగి పుచ్చుకొనుడు. పుచ్చుకొని యింటిలో వ్రేలాడదీయక తలపై పెట్టుకొనుడు.

నాలుగు: అప్పు తీరిన పిమ్మట, అప్పిచ్చినవారివద్ద ఫారము 35ను, బాకీ లేదను పత్రమును తీసికొని, రిజిస్ట్రేషను పుస్తకమునుండి వారి పేరు తీసివేయించుడు. ఇది చేయనివారు బండి అమ్మునపుడు చిక్కులు పడుదురు.

7. తీర్పు

డొంకదారిలో నిత్యము పోవువాడు, బంకు దూరముగా నున్నవాడు, పొడుగైనవాడు ప్లాటినాను మొదట నడిపి చూడవలెను. తారురోడ్డు ప్రయాణము ఎక్కువైనవాడు, పొట్టివాడు, ఇంటిలో పలువురు నడుపువాడు స్ప్లెండరును మొదట నడిపి చూడవలెను. రెండును సమానముగా తోచినచో, ఎవరి విడిభాగములు ఊరికి దగ్గఱగా దొరకునో ఆ బండి కొనవలెను. నడిపి చూచుట దుకాణము ముందటి రోడ్డుపై గాక, అట్టి బండి గల సభ్యుని అడిగి మీ పొలము దారిలో చేయుట మేలు.

ఏ బండి కొనినను పెద్ద మోసము జరుగదు, రెండును పనికివచ్చునవే. చెడ్డ అప్పు తీసికొన్నచో మాత్రము మంచి బండియు భారమగును.

అభ్యాసము: ఈ రాత్రి ఇంటిలో కూర్చుండి ఒక కాగితముపై నాలుగు అంకెలు వ్రాయుడు. దినమునకు ఎన్ని కిలోమీటర్లు తిరుగుదురు? నెలనెల నిశ్చయముగా వచ్చు రాబడి ఎంత? పంట అప్పు గడువు ఏ తేది? చేతిలో రొక్కమెంత? ఆ కాగితమును జేబులో పెట్టుకొని దుకాణమునకు పొండు. దుకాణదారుడు చెప్పు ప్రతి మాటను ఆ నాలుగు అంకెల ప్రక్కన నిలిపి చూచి, ఆ పిమ్మటనే కలము చేతబట్టుడు.