మోటారు బీమా పునరుద్ధరణ: ధర, రక్షణ, వివేకము

బీమా అను పదము పారసీకము నుండి ఉర్దూ ద్వారా తెలుగునకు వచ్చి మన నోట స్థిరపడినది. పదము పరిచితమైనంతగా దాని లెక్క మనకు పరిచితము కాలేదు. ఏటేటా కారు బీమా గడువు తీరు వేళకు కంపెనీ పంపిన కాగితములోని మొత్తమును మారుమాట లేక చెల్లించువారు మనలో ఎందరో కలరు. ఆ మొత్తము ఎట్లు ఏర్పడునో, దానిని తగ్గించుకొను న్యాయమైన మార్గములేవో ఈ వ్యాసమున పరిశీలింతము.

మొదట కొంత చరిత్ర. 1972 నాటి శాసనముచే సాధారణ బీమా జాతీయము చేయబడి, 1973 జనవరి 1 నుండి 107 సంస్థలు నాలుగు ప్రభుత్వ కంపెనీలుగా కూర్చబడినవి. టారిఫు అమలులో నుండిన ఆ కాలమున ఏ కంపెనీ గడప తొక్కినను మోటారు బీమా ధర ఒక్కటే. 2000 లో ఈ రంగము ప్రైవేటు సంస్థలకు తెరువబడినది. 2007 జనవరి 1 నుండి స్వంత వాహన నష్టపు ధరలపై టారిఫు కట్టడి తొలగినది. నలుగురి వద్ద ధర విచారించుటకు అప్పటినుండియే అర్థము కలిగినది.

ప్రీమియమున ముఖ్య భాగములు రెండు. మొదటిది ఇతరులకు కలుగు హానికి సంబంధించిన థర్డ్ పార్టీ బీమా. 1988 మోటారు వాహనముల చట్టము ప్రకారము ఇది తప్పనిసరి. దీని ధరను ప్రభుత్వమే ప్రకటించును. 2022 జూన్ 1 నుండి అమలైన ప్రకటన ప్రకారము 1000 సి.సి. మించని కారునకు రూ. 2,094, 1500 సి.సి. వరకు రూ. 3,416, ఆపైన రూ. 7,897. ఇచ్చట బేరమునకు తావు లేదు. రెండవది మన కారునకు కలుగు నష్టమునకు బీమా. పోటీ యంతయు ఇందులోనే.

ఈ రెండవ భాగమునకు ఆధారము కారు ప్రకటిత విలువ. పాలసీపై ఐ.డి.వి. అని వ్రాయబడునది ఇదియే. కారు దొంగిలింపబడినచో మనకు లభించు మొత్తమునకు ఇదియే కొలమానము. ఒక ఉదాహరణము చూతము. విలువ రూ. 4,00,000, నూటికి 2 చొప్పున ప్రీమియము రూ. 8,000 అనుకొందము. సగము రాయితీ పోగా రూ. 4,000. వేరొక కంపెనీ విలువను రూ. 3,00,000 గా చూపి రూ. 3,000 మాత్రమే అడిగినది. వేయి రూపాయలు మిగిలినట్లు తోచును. కారు పోయిననాడు లక్ష రూపాయలు తగ్గును. ఇది చౌక కాదు, రక్షణలో కోత.

పై లెక్కలోని సగము రాయితీ నో క్లెయిమ్ బోనస్. క్లెయిము లేని మొదటి సంవత్సరము తరువాత నూటికి 20, పిదప వరుసగా 25, 35, 45, 50 చొప్పున ఇది పెరుగును. ఇది కారునకు గాక యజమానికి చెందును. కంపెనీ మారినను వెంట వచ్చును. గడువు తీరిన 90 దినములలోపు పునరుద్ధరింపనిచో నశించును. చిన్న గీతకు రూ. 3,000 మరమ్మతు అయినదనుకొందము. మనము భరింపవలసిన తప్పనిసరి భాగము రూ. 1,000 పోగా వచ్చునది రూ. 2,000. దానికై క్లెయిము చేసినచో పై ఉదాహరణములో మరుసటి ఏట రూ. 4,000 రాయితీ పోవును. అట్టి ఖర్చును మనమే భరించుట మేలు.

ఒకే కంపెనీని అంటిపెట్టుకొనినచో ధర తగ్గునను నమ్మిక కూడ సరికాదు. బ్రిటన్‌లో పాత ఖాతాదారుల నుండి కొత్తవారికన్న అధికముగ వసూలు చేయు పద్ధతి ప్రబలగా, 2022 జనవరి 1 నుండి అచ్చటి నియంత్రణ సంస్థ దానిని నిషేధింపవలసి వచ్చినది.

కావున గడువునకు మూడు నాలుగు వారముల ముందే కనీసము మూడు కంపెనీల ధరలను తెప్పించుకొనవలెను. ప్రకటిత విలువ, మన వంతు భాగము, అదనపు రక్షణలు అన్నిటియందు సమానముగ నుండునట్లు చూచి పోల్చవలెను. మనకు 15 లక్షల వ్యక్తిగత ప్రమాద బీమా వేరుగా ఉన్నచో దానిని తెలిపి, యజమాని ప్రమాద బీమాకు మరల చెల్లింపకుండవచ్చును. పాత క్లెయిములను దాచరాదు. అబద్ధము బయటపడిన దినమున అక్కరకు రావలసిన పాలసీ అక్కరకు రాదు.

ధర విచారణలో గడువు దాటనీయరాదు. బీమా లేక నడిపినచో 2019 సవరణ ప్రకారము మొదటి తప్పునకు రూ. 2,000 జరిమానా, లేదా మూడు నెలల వరకు ఖైదు, లేదా రెండును. అంతకన్న పెద్ద మాట మరియొకటి కలదు. బీమా లేని కారు బాటసారిని గాయపరచినచో పరిహారము యజమాని తన ఆస్తి నుండి చెల్లింపవలెను. అతనికి శక్తి లేనిచో గాయపడినవాని కుటుంబము వీధిన పడును. విద్యార్థి మిత్రులారా! మీ ఇంటి పాలసీ కాగితమును ఒకసారి తెరచి ఈ అంకెలను మీ పెద్దలతో కూడి చదువుడు. పొదుపు మంచిదే, ఆ పొదుపు మన రక్షణనుగాని పరుల రక్షణనుగాని హరింపకుండవలెను.