విద్యార్థి సంఘము – మార్గదర్శకుడు

చెరువునకు కట్ట యెట్టిదో, విద్యార్థి సంఘమునకు మార్గదర్శకుడగు ఉపాధ్యాయుడట్టివాడు. కట్ట నీటిని పుట్టింపదు. వచ్చిన నీరు వృథాగా పోకుండ నిలుపును. తూము తెరచి పొలమును తడుపుకొనవలసినవాడు రైతే. ఈ సంగతి నెరుగక విద్యార్థులు రెండు విధముల పొరబడుదురు. కొందరు భారమంతయు గురువుపై వైచి ఊరకుందురు. మరికొందరు ఆయనకు తెలియకుండ అన్నియు చేసి, చిక్కు వచ్చినపుడు ఆయనయొద్దకు పరుగెత్తుదురు.

మంచి మార్గదర్శకత్వమునకు పాలమూరు సీమలోనే నిదర్శనము కలదు. వనపర్తి సంస్థానమున జన్మించిన రాజా బహదూర్ వెంకటరామరెడ్డిగారు, గ్రామములనుండి హైదరాబాదునకు వచ్చి చదువుకొను బాలుర కొరకు 1918లో రెడ్డి వసతిగృహమును స్థాపించిరి. గద్వాల ప్రాంతమువారైన సురవరం ప్రతాపరెడ్డిగారు 1924లో దాని నిర్వహణభారమును వహించిరి. వారు విద్యార్థుల భోజనవసతులను మాత్రమే చూచి తృప్తిపడలేదు. గ్రంథాలయమును పెంపొందించి, మాతృభాషపై వారికి అభిమానము కలిగించిరి.

ఆ వసతిగృహమున నుండి చదివినవారిలో రావి నారాయణరెడ్డిగారొకరు. 1952 ఎన్నికలలో ప్రతాపరెడ్డిగారు కాంగ్రెసు పక్షమున వనపర్తినుండి శాసనసభకును, నారాయణరెడ్డిగారు వేరొక పక్షమున నల్లగొండనుండి లోకసభకును ఎన్నికైరి. మార్గదర్శకుడు నడచుటకు బలమిచ్చును. నడువవలసిన దారిని ఎంచుకొనుట నడచువాని పని.

ఇక నేటి పాఠశాలను చూతము. నాగర్‌కర్నూలులోని యొక పాఠశాలలో సాహిత్య సంఘమున్నదనుకొందము. సభ్యుల చందా 600 రూపాయలు కార్యదర్శియొద్ద నున్నవి. తోటి విద్యార్థి తల్లికి జబ్బు చేసినదని విని, అతడెవ్వరికిని చెప్పక అందులో 200 రూపాయలు అప్పిచ్చెను. జాలి మంచిదే, కాని ధనము అతనిది కాదు. వార్షికోత్సవము దగ్గరపడెను. అప్పు తిరిగి రాలేదు. అతడు లెక్కల పుస్తకమును దాచెను. ఉపాధ్యాయుడెదురైన ప్రక్కకు తప్పుకొనెను. తుదకొకనాడు ధైర్యము తెచ్చుకొని జరిగినదంతయు ఆయనకు చెప్పెను.

ఉపాధ్యాయుడు కోపగింపలేదు. “బాబూ, ఈ పైకము నేనీయగలను. అపుడు లెక్క సరిపోవును గాని, నీవు దాచిన మాట దాగియే యుండును. అప్పును పుస్తకములో వ్రాయుము. రేపు సమావేశమున నీవే చెప్పుము. ఆ బాలుని పేరు మాత్రము సభలో చెప్పనక్కరలేదు. నేను నీ ప్రక్కనే కూర్చుందును” అనెను.

మరునాడు కొందరు సభ్యులు మందలించిరి. అయినను, ఆలోచించి షామియానా మానుకొని చెట్టునీడనే సభ జరుపుటకు నిర్ణయించిరి. అప్పు తీర్చుటకు గడువిచ్చిరి. పైకపు పెట్టె తాళపుచెవిని మాత్రము వేరొకరి కప్పగించిరి. కార్యదర్శి చిన్నబోయెను, కాని ఆ రాత్రి చాల దినముల తరువాత కంటినిండ నిద్రపోయెను.

దీనినిబట్టి సంఘమును నడపు విద్యార్థులు కొన్ని సంగతులు గ్రహింపవలెను. సంవత్సరారంభముననే ఉపాధ్యాయుని కలిసి, చేయదలచిన పనులను వివరింపవలెను. ఏవి సభ్యులే నిర్ణయింపవచ్చునో, వేటికి అనుమతి కావలెనో ముందుగనే తెలిసికొనవలెను. సమావేశ విశేషములను, జమాఖర్చులను ఎప్పటికప్పుడు చూపవలెను. చిక్కు వచ్చినపుడు వట్టిచేతులతో పోక, తమకు తోచిన ఉపాయమును గూడ వెంట గొనిపోవలెను. అభిప్రాయభేదమున్నచో వినయముతో, కారణముతో చెప్పవలెను. తలయూపి వచ్చి వెలుపల గొణుగుట తగదు.

గండి చిన్నదిగా నున్నపుడు పిడికెడు మన్ను చాలును. పెద్దదైన పిమ్మట ఊరంతయు కదలినను ఆగదు. సత్యమును సకాలమున చెప్పుటయే గురువునకు విద్యార్థి చేయగల నిజమైన సహాయము.