శనివారం వచ్చే కడుపునొప్పి

ప్రశ్న: మా బాబుకి ఏడేళ్లు, రెండో తరగతి. ఎనిమిది నెలలుగా వాడూ నేనూ మా పుట్టింట్లో ఉంటున్నాం. విడాకుల కేసు నడుస్తోంది. కోర్టు చెప్పినట్టు రెండు వారాలకోసారి ఆదివారం వాళ్ల నాన్న వచ్చి తీసుకెళ్తారు. ముందు రోజు నుంచే వీడు కడుపునొప్పి అంటాడు. మూడేళ్లకే మానేసిన పక్క తడపడం మళ్లీ మొదలైంది. స్కానింగ్‌లో ఏమీ లేదన్నారు. నాన్న పని మీద హైదరాబాద్‌లో ఉంటున్నారని చెప్పాం. మొదట్లో "ఎప్పుడొస్తాడు?" అని అడిగేవాడు, ఇప్పుడు అడగడం లేదు. ఇదంతా నాటకమని మా అమ్మ అంటోంది. నాన్న దగ్గరికి పంపడం ఆపేయనా?
– ఒక తల్లి, తెనాలి

జవాబు: ముందు మీ అమ్మగారికి చెప్పండి, ఆ నొప్పి నిజమైనదే. మనసులో బెదురు ఉన్నప్పుడు పేగుల కదలిక మారుతుంది, మామూలుగా తెలియని కదలిక కూడా నొప్పిగా తెలుస్తుంది. "నాకు దిగులుగా ఉంది" అని ఏడేళ్లవాడు చెప్పలేడు, బొడ్డు దగ్గర చెయ్యి పెట్టి చూపిస్తాడు. నిద్రలోంచి లేపేంత నొప్పి, బరువు తగ్గడం, ఆగని వాంతులు, విరేచనంలో రక్తం, జ్వరం లాంటివి లేకపోతే మళ్లీ స్కానింగ్ అక్కర్లేదు.

పక్క తడపడం సంగతి వేరు. ఆరు నెలలకు పైగా మానేసిన పిల్లాడు మళ్లీ మొదలుపెడితే అంతా దిగులు మీదికి నెట్టేయకూడదు. మూత్రంలో ఇన్ఫెక్షన్, మలబద్ధకం, అరుదుగా షుగర్ కూడా కారణం కావచ్చు. పిల్లల డాక్టరు దగ్గర ఒకసారి మూత్ర పరీక్ష, షుగర్ పరీక్ష చేయించండి. అన్నీ బాగుంటే దుప్పటి మార్చి ఊరుకోండి. తిట్టొద్దు, చుట్టాల ముందు ఆ మాట ఎత్తొద్దు.

ఇక పంపడం ఆపాలా? వెళ్లొచ్చాక ఎలా ఉంటున్నాడో మీరు రాయలేదు, అది గమనించండి. అక్కడ కొట్టడం, తాగి భయపెట్టడం లాంటివి ఉంటే వెంటనే లాయరుకు చెప్పి కోర్టు దృష్టికి తీసుకెళ్లాలి. అలాంటివేమీ లేకపోతే ఆపొద్దు. నేను చూసే పిల్లల్లో చాలామందిని నలిపేసేది గుమ్మం దగ్గర జరిగే తంతు. బండి ఆగగానే అమ్మమ్మ మొహం మాడుతుంది, తాతయ్య విసురుగా లోపలికి వెళ్తాడు. తిరిగొచ్చాక విచారణ: "ఏం పెట్టారు? నాయనమ్మ నా గురించి ఏమంది?" అవతలి ఇంట్లోనూ ఇదే జరుగుతుండొచ్చు. నాన్నతో సరదాగా గడిపానని ఇక్కడ చెప్పడం తప్పు, అమ్మ గుర్తొచ్చిందని అక్కడ చెప్పడం తప్పు. మరి వాడు ఏం చెయ్యాలి?

పాల్ అమాటో, బ్రూస్ కీత్ అనే పరిశోధకులు 1991లో పిల్లలపై విడాకుల ప్రభావం గురించిన 92 అధ్యయనాలను కలిపి చూశారు. విడిపోయినవాళ్ల పిల్లలకూ కలిసున్నవాళ్ల పిల్లలకూ సగటున తేడా ఉంది కానీ జనం భయపడేంత పెద్దది కాదని తేలింది. పిల్లలను ఎక్కువగా దెబ్బతీసేది తల్లిదండ్రుల మధ్య గొడవేనన్న వాదనకు ఎక్కువ బలం దొరికింది. "పిల్లాడి కోసమైనా సర్దుకుపోవాల్సింది" అని మీతో ఇప్పటికే చాలామంది అని ఉంటారు. రోజూ గిన్నెలు ఎగిరే ఇంట్లో పెరగడమూ పిల్లాడికి మేలేం కాదు.

హైదరాబాద్ కథ ఇక చాలించండి. వాడు అడగడం మానేసింది మరిచిపోయి కాదు, అడిగితే అమ్మ ఏడుస్తుందని. తను హోంవర్క్ చేయనందుకో, అల్లరి చేసినందుకో నాన్న వెళ్లిపోయాడని ఈ వయసువాళ్లు నిజంగా నమ్ముతారు. "నాన్నా నేనూ ఇక ఒకే ఇంట్లో ఉండం. అది పెద్దవాళ్ల విషయం, నువ్వు చేసినదేమీ లేదు. నాన్న ఎప్పటికీ నీ నాన్నే" అని చెప్పండి. వీలైతే ఇద్దరూ కూర్చుని చెప్పండి, లేదంటే ఇద్దరూ ఒకే మాట చెప్పండి. ఒకసారి చెప్తే సరిపోదు, నెలల తరబడి చెప్పాల్సి వస్తుంది. మళ్లీ కలిసుంటారా అని అడిగితే "చూద్దాంలే" అనొద్దు. కలిసుండరని తేలిపోయి ఉంటే ఆ మాటే మెల్లగా చెప్పండి.

ఇంకొకటి. 1890 నాటి గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం ప్రకారం, ఆలోచించి చెప్పగల వయసు పిల్లల ఇష్టాన్ని కోర్టు పరిగణనలోకి తీసుకోవచ్చు. అందుకని జడ్జి అడిగితే ఏం చెప్పాలో పాఠం నేర్పి పంపేవాళ్లున్నారు. ఎవరితో ఉంటావని ఇంట్లో మీరూ అడగొద్దు.

శనివారం సాయంత్రం సంచి వాడినే సర్దుకోనివ్వండి, ఇష్టమైన బొమ్మ పెట్టుకోనివ్వండి. గుమ్మం దగ్గర ఉద్రిక్తత ఉంటే పార్కులోనో, ఇద్దరికీ కావలసిన బంధువుల ఇంట్లోనో అప్పగించండి. పంపేటప్పుడు "వెళ్లిరా కన్నా, నేను బాగానే ఉంటా" అనండి. వాడికి కావలసింది ఆ అనుమతి. క్లాస్ టీచరుకు విషయం క్లుప్తంగా చెప్పండి. నిద్ర వేళ, భోజనం వేళ మారనివ్వొద్దు. నెలన్నర గడిచినా తగ్గకపోయినా, బడికి వెళ్లనని మొండికేసినా పిల్లల మానసిక నిపుణులకు చూపించండి. కేంద్ర ప్రభుత్వ టెలి మానస్ 14416కు ఫోన్ చేస్తే తెలుగులోనే ఉచితంగా మాట్లాడతారు.

ప్రశ్న: మేం విడిపోయి ఏడాదైంది. పిల్లలిద్దరూ నా దగ్గరే ఉంటున్నారు. మా అమ్మాయికి 14 ఏళ్లు. ఒక్కసారి కూడా ఏడవలేదు. వంట నేర్చుకుంది, తమ్ముణ్ని చదివిస్తుంది, నేను దిగులుగా ఉంటే నాకే ధైర్యం చెబుతుంది. ఈ పిల్ల గురించి బెంగ అక్కర్లేదు కదా?
– ఒక తండ్రి, వరంగల్

జవాబు: నన్నడిగితే ఈ పిల్ల గురించే ఎక్కువ బెంగపడాలి. అల్లరి చేసే పిల్లాడిని అందరూ పట్టించుకుంటారు, బుద్ధిమంతురాలి జోలికి ఎవరూ రారు. ఆమె ఇప్పుడు ఇంటికి తల్లి, మీకు స్నేహితురాలు, తమ్ముడికి ట్యూషన్ టీచరు. ఆమె ఏడవాలంటే ఎవరి దగ్గర ఏడవాలి? వంటకి మనిషిని పెట్టుకోండి, లేదా మీరే నేర్చుకోండి. వాయిదాలు, భరణం లెక్కలు ఆమె ముందు తీయొద్దు, మీ అన్నతోనో స్నేహితుడితోనో చెప్పుకోండి. వాళ్లమ్మతో ఫోన్‌లో మాట్లాడేటప్పుడు మీరు గది బయట ఉండండి. నిద్ర, తిండి, మార్కులు తగ్గుతున్నా, స్నేహితులకు దూరమవుతున్నా నిపుణులను కలవండి. చచ్చిపోవాలనిపిస్తోందన్న మాట ఎప్పుడైనా వస్తే ఒంటరిగా వదలకుండా అదే రోజు తీసుకెళ్లండి.